ఎవరి జీవితాన్ని ముందు చదవాలి? ఉజ్జీవ నాయకుల చరిత్రల మధ్య ఒక పోలిక

క్రైస్తవ సంఘ చరిత్రలో పేరుపొందిన నాయకుల జీవితాలు చదవాలనుకునే తెలుగువారికి పుస్తకాల కొరత లేదు, ఎంచుకోవడానికి కొలతే లేదు. కూటాల దగ్గర పరిచే పుస్తకాల బల్ల మీద వెస్లీ, కేరీ, ముల్లర్, మూడీ, హడ్సన్ టేలర్, సాధు సుందర్ సింగ్, పండిత రమాబాయి, భక్త సింగ్ అందరూ ఒకే మందాన, ఒకే తరహా అట్టలతో వరుసగా కనిపిస్తారు. ఏది తీసినా కథ ఒక్కటే అనిపిస్తుంది: చెడు తిరుగుడు లేదా పేదరికం, ఆపై మారుమనస్సు, కష్టాలు, ప్రార్థన, చివరికి విజయం. ఎనిమిది మంది ఒక్కరిలా కనిపించారంటే వారి జీవితాలు ఒకేలా ఉన్నాయని కాదు, వాటిని మనకు అందించినవారు గరుకు భాగాలన్నీ చిత్రిక పట్టేశారని అర్థం.

నేను ఈ పొరపాటు చేసి తెలుసుకున్నవాణ్ణే. కొన్నేళ్ల క్రితం మా సంఘంలోని యువజనుల కూటానికి ఆరు వారాల పాటు వారానికొక దైవజనుడి జీవితం చెప్పాను. ఏడో వారం ఎవరు ఏం చేశారని అడిగితే, ముల్లర్ నడిపిన బ్రిస్టల్ అనాథ శరణాలయం కేరీ ఖాతాలోకి, కేరీ తర్జుమా చేసిన బెంగాలీ బైబిలు హడ్సన్ టేలర్ ఖాతాలోకి వెళ్లిపోయాయి. మరుసటి ఏడాది ఆరు వారాలూ ఒక్క జీవితానికే ఇచ్చాము. పిల్లలు ప్రశ్నలు అడగడం అప్పుడు మొదలైంది, అందులో కొన్నిటికి నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి నా సలహా ఒక కొలత చుట్టూనే తిరుగుతుంది. ఎవరు ఎంత గొప్పవారన్నది పక్కనపెట్టి, ఎవరి జీవితానికి చెల్లించిన వెల మనకు కనబడుతుందో, ఆ వెలను ఎవరు చెల్లించారో తెలిసేంత దస్తావేజు ఎవరికి మిగిలిందో చూడాలి. నాయకుడే చెల్లించాడా, భార్య చెల్లించిందా, బిడ్డలా, పేరు నమోదు కాని సహోద్యోగులా అన్న ప్రశ్నకు జవాబు దొరికే జీవితాన్ని ముందు చదవాలి. అలాంటి జీవితాలు విశ్వాసులకే కాక, చరిత్ర మీద ఆసక్తితో చదివే ఏ మతం వారికైనా పనికివస్తాయి.

వెస్లీయా, వైట్‌ఫీల్డా?

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు ఉజ్జీవాన్ని, అంటే జనంలో విశ్వాసం మళ్లీ రగులుకున్న కదలికను గురించి చదవాలనుకునేవారు సాధారణంగా జాన్ వెస్లీ దగ్గరికి వెళతారు. అది సరైన ఎంపికే, అయితే పక్కన జార్జ్ వైట్‌ఫీల్డ్‌ను పెట్టుకుంటేనే వెస్లీ సరిగా అర్థమవుతారు. ఇద్దరూ ఆక్స్‌ఫర్డ్‌లో ఒకే చిన్న భక్త బృందంలోనివారు. 1739లో బ్రిస్టల్ దగ్గర బొగ్గు గని కార్మికులకు ఆరుబయట ప్రసంగించడం మొదలుపెట్టింది వైట్‌ఫీల్డ్. మందిరం గోడల బయట ప్రసంగించడం మర్యాద కాదేమోనని సంకోచిస్తున్న వెస్లీని పిలిపించి ఆ పనిలోకి దింపిందీ ఆయనే. గొంతు విషయంలో వైట్‌ఫీల్డ్‌కు సాటి లేరు. ఫిలడెల్ఫియాలో ఆయన మాట్లాడుతుండగా బెంజమిన్ ఫ్రాంక్లిన్ వీధి వెంట వెనక్కి నడుస్తూ, మాట ఎంత దూరం వినబడుతుందో కొలిచి, ఆ గొంతు ముప్పై వేల మందికి పైగా వినబడగలదని లెక్కగట్టారు. అట్లాంటిక్ సముద్రాన్ని పదమూడు సార్లు దాటిన వైట్‌ఫీల్డ్ 1770లో అమెరికాలోనే మరణించారు.

వెస్లీకి ఆ గొంతు లేదు. ఆయన బలం వేరే చోట ఉంది. 1742లో బ్రిస్టల్ మందిరం అప్పు తీర్చడానికి, పన్నెండేసి మందిని ఒక గుంపుగా చేసి వారానికి తలా ఒక పెన్నీ వసూలు చేయాలనే ఏర్పాటు జరిగింది. ఇంటింటికీ డబ్బు కోసం వెళ్లినవారికి ఆ ఇళ్లలోని తాగుడు, తగాదాలు, అప్పులు కనబడ్డాయి. వెస్లీ వెంటనే ఆ వసూలు గుంపులను ఆత్మీయ పర్యవేక్షణ గుంపులుగా మార్చేశారు. ఈనాడు మన సంఘాల్లో వారం మధ్యలో ఇళ్లలో జరిగే ప్రార్థన కూటాలకు తాతముత్తాతలను వెదికితే ఆ పెన్నీ లెక్కలు తగులుతాయి. వైట్‌ఫీల్డ్ తన శ్రోతలను ఇలా కట్టి ఉంచలేదు. తన పని ఇసుక తాడు అయిందని ఆయన చివర్లో బాధపడినట్టు వెస్లీ అనుచరులైన మెథడిస్టుల్లో ఒక మాట చెప్పుకుంటారు.

అయితే ఇక్కడ ఆగితే పోలిక సగమే. అమెరికాలోని జార్జియా కాలనీలో వైట్‌ఫీల్డ్ స్థాపించిన అనాథ శరణాలయం ఖర్చులు గట్టెక్కాలంటే తోటల్లో బానిసలు కావాలని ఆయన వాదించారు, ఆ కాలనీలో బానిసత్వాన్ని చట్టబద్ధం చేయాలని ఒత్తిడి తెచ్చారు, తానే బానిసలను ఉంచుకున్నారు. అనాథల అన్నానికి వెల ఎవరు చెల్లించారన్నది ఆయన జీవితంలో తప్పించుకోలేని ప్రశ్న. వెస్లీ 1774లో బానిసత్వాన్ని ఖండిస్తూ ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. 1791 మార్చి 2న మరణించడానికి ఆరు రోజుల ముందు, బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా పోరాడుతున్న విల్బర్‌ఫోర్స్‌కు ధైర్యం చెబుతూ ఉత్తరం రాశారు. మరోవైపు, వైట్‌ఫీల్డ్ చనిపోయినప్పుడు ఆయనను కీర్తిస్తూ ఎలిజీ (స్మృతి గీతం) రాసి పేరు తెచ్చుకున్నది ఫిలిస్ వీట్లీ, బోస్టన్‌లో అప్పటికి బానిసగా ఉన్న నల్లజాతి యువతి. ఈ విషయం యువజనుల ముందు పెడితే గంటసేపు చర్చ జరుగుతుంది, ఎవరూ తేలికగా బయటపడరు.

వెస్లీ ఇంటి సంగతి కూడా అంత నున్నగా లేదు. 1751లో ఆయన చేసుకున్న పెళ్లి కలిసిరాలేదు. గుర్రం మీద ఏడాది పొడవునా ఊళ్లు తిరిగే భర్తతో మేరీ వేజెయిల్ చివరికి ఉండలేకపోయారు. అంతకు ముందు జార్జియాలో, తాను ఇష్టపడిన యువతి వేరొకరిని పెళ్లాడాక ఆమెకు ప్రభువు బల్ల నిరాకరించి, వ్యాజ్యంలో ఇరుక్కొని, ఆ కాలనీ నుంచి దాదాపు పారిపోయి వచ్చారు. ఆ పరాజయం తర్వాతే 1738 మే 24న లండన్ ఆల్డర్స్‌గేట్ వీధి కూటంలో, ఆయన మాటల్లోనే చెప్పాలంటే, హృదయం వింతగా వెచ్చనైన సంగతి జరిగింది. ఇవన్నీ మనకు తెలిసింది చాలావరకు ఆయన దినచర్య పుస్తకాల వల్ల. ఆయనే వాటిని బతికుండగా అచ్చు వేయించారు. కాబట్టి సంఘ నిర్వహణ చూసేవారు, చిన్న గుంపులు నడిపేవారు వెస్లీని తీసుకోవాలి. ప్రసంగ వరం ఉన్న యువకుడికి మాత్రం నేను వైట్‌ఫీల్డ్‌నే ఇస్తాను, ఆ వరం ఏమేమి కప్పిపుచ్చగలదో కూడా చూస్తాడని.

కేరీ: రెండు గదుల కథ

విలియం కేరీ జీవితం మన దేశంలో అందరికీ పరిచయమైనదే. నార్తాంప్టన్‌షైర్‌లో చెప్పులు కుట్టిన మనిషి, 1793లో కలకత్తా చేరి, 1800 నుంచి ఆ దగ్గరి సెరంపూర్‌లో ముద్రణాలయం నడిపి, డజన్ల భాషల్లో లేఖనాలను అచ్చు వేయించారు. తెలుగువారికి ఆయనతో సూటి సంబంధం ఉంది. 1814లో ఆయన తెలుగు వ్యాకరణం సెరంపూర్‌లో అచ్చయింది, 1818లో తెలుగు కొత్త నిబంధన అక్కడినుంచే వెలువడింది. 1812 మార్చి 11న ముద్రణాలయం తగలబడి అచ్చు అక్షరాలు, ఏళ్ల తరబడి రాసిన ప్రతులు బూడిదైపోతే, ఆయన, ఆయన సహచరులు నెలల్లోనే మళ్లీ పని మొదలుపెట్టారు. 1829లో సతీ సహగమన నిషేధ శాసనం ఆయన చేతికి వచ్చినప్పుడు, ఆదివారపు ప్రసంగాన్ని మరొకరికి అప్పగించి, సాయంత్రానికల్లా దాన్ని బెంగాలీలోకి మార్చేశారని చెబుతారు. ఒక్క రోజు ఆలస్యమైనా మరో స్త్రీ చితి ఎక్కవచ్చునని ఆయనకు తెలుసు.

ఈ సంగతులన్నీ దాదాపు ప్రతి చిన్న పుస్తకంలో ఉంటాయి. వాటిలో తరచూ ఒక్క వాక్యంతో దాటిపోయేది ఆయన భార్య డొరొతీ కేరీ. పెళ్లినాడు రిజిస్టరులో సంతకం చేయడం కూడా రాని ఆమె, చంకలో పసిబిడ్డతో, తెలియని దేశానికి రానని మొదట గట్టిగానే చెప్పారు. ఓడ ఆలస్యమైన సందు చూసి మళ్లీ బతిమాలితే, చెల్లెలు తోడు వస్తేనే అన్న షరతు మీద ఒప్పుకున్నారు. బెంగాల్‌కు వచ్చిన మరుసటి ఏడాదే అయిదేళ్ల కొడుకు పీటర్ జ్వరంతో చనిపోయాడు. ఆ తర్వాత ఆమె మనసు చెదిరింది, మళ్లీ కుదుటపడలేదు. 1807లో మరణించేవరకు పన్నెండేళ్ల పాటు ఎక్కువ కాలం ఒక గదిలోనే ఉంచవలసి వచ్చింది. పక్క గదిలో భర్త పండితులతో కూర్చొని లేఖనాలు తర్జుమా చేస్తుండేవారు.

కొందరు దీన్ని కేరీ మీద నేరంగా మోపుతారు, కొందరు ఆయన సహనానికి నిదర్శనంగా చూపుతారు. నాకు రెండూ తొందరపాటు తీర్పులే అనిపిస్తాయి. మానసిక వ్యాధికి వైద్యం దాదాపు లేని ఆ కాలంలో ఆమెను ఇంటి నుంచి పంపించెయ్యకుండా ఉంచుకోవడం చిన్న విషయం కాదు. అలాగే, ఆమె ఇష్టం లేకుండానే ఆ ప్రయాణం జరిగిందన్నది కూడా దాచగలిగే విషయం కాదు. సేవకు బయలుదేరాలని తొందరపడే కొత్త దంపతులు ఎవరైనా ఉంటే, వారిద్దరూ కలిసి చదవవలసిన జీవితం ఇదే. భార్య మొదట చదివి, తర్వాత భర్త చదివితే మరీ మంచిది.

ముల్లర్, టేలర్, మూడీ

ఈ ముగ్గురినీ త్వరగా దాటిపోతున్నాను, వారు చిన్నవారని కాదు. విశ్వాసంతో డబ్బు విషయం ఎలా ఉండాలన్నది మీ ప్రశ్న అయితే జార్జ్ ముల్లర్‌ను తీసుకోండి. పదహారేళ్లకే బస చేసిన సత్రాల బాకీ ఎగ్గొట్టి జైలు చూసివచ్చిన ఈ ప్రష్యా యువకుడు, 1836లో బ్రిస్టల్‌లో అద్దె ఇంట్లో అనాథలకు చోటిచ్చి, 1870 నాటికి ఆష్లీ డౌన్‌లో రెండు వేల మందికి పైగా పట్టే అయిదు భవనాలు నింపారు. ఎవరినీ చందా అడగలేదన్నది అందరూ చెప్పే మాట. చాలామంది చెప్పనిది, వచ్చిన ప్రతి కానుకకూ లెక్క రాసి ఏటేటా నివేదికలు అచ్చు వేయించారన్న సంగతి. అడగకపోవడం ఆయనలో సగం, లెక్క చూపడం మిగతా సగం. మొదటి సగాన్ని మాత్రమే ఆదర్శంగా తీసుకున్న సంస్థలు మన చుట్టూ ఎన్ని ఉన్నాయో నేను వేరే చెప్పనక్కరలేదు.

హడ్సన్ టేలర్ ముల్లర్ బాటలోనే 1865లో చైనా ఇన్లాండ్ మిషన్ స్థాపించి, చైనావారి దుస్తులు, జడ ధరించి లోపలి రాష్ట్రాలకు వెళ్లారు. విదేశీయులకు వ్యతిరేకంగా చైనాలో లేచిన 1900 నాటి బాక్సర్ తిరుగుబాటులో ఆ మిషన్‌కు చెందిన 58 మంది పెద్దవారు, 21 మంది పిల్లలు హతులైనప్పుడు, ఆయన చైనా ప్రభుత్వం నుంచి నష్టపరిహారం తీసుకోవడానికి నిరాకరించారు. ఇక అమెరికా సువార్తికుడు మూడీ సంగతి: సండే స్కూల్ టీచర్లకు మించి ఎవరికీ ఆయన కథ అంత దగ్గరగా ఉండదు. 1855లో బోస్టన్‌లో చెప్పుల దుకాణం వెనుక గదిలో పనిచేస్తున్న ఆ కుర్రవాడి దగ్గరికి సండే స్కూల్ టీచర్ ఎడ్వర్డ్ కింబల్ తటపటాయిస్తూ వెళ్లి మాట్లాడకపోతే, ఆ తర్వాతి లక్షల మంది కూటాలు లేవు. అందుకే ఆ జీవితాన్ని మూడీ వైపు నుంచి కాక కింబల్ వైపు నుంచి చెప్పమంటాను.

రమాబాయి: ఒక్కటే చదవగలిగితే

ఒకే ఒక్క జీవితం చదవడానికి తీరిక ఉందని ఎవరైనా అంటే, నేను పండిత రమాబాయి పేరు చెబుతాను. మన దేశపు స్త్రీ కాబట్టి కాదు, నేను పెట్టుకున్న కొలతకు ఆమె జీవితం అందరికన్నా నిండుగా నిలబడుతుంది కాబట్టి.

1858లో పుట్టిన రమాబాయికి సంస్కృతం నేర్పింది తల్లి. ఆ తల్లికి నేర్పింది, ఊరి నిందలకు లొంగని తండ్రి అనంత శాస్త్రి. పురాణ ప్రవచనం చెప్పుకుంటూ క్షేత్రాలు తిరిగిన ఆ కుటుంబం 1870లలోని కరువులో చితికిపోయింది. పదకొండు రోజులు ఆకులూ నీళ్లతో అడవిలో గడిపిన సంగతి ఆమే రాశారు. తండ్రి, తల్లి, అక్క ఒకరి తర్వాత ఒకరు పోగా, ఆమె అన్నతో కలిసి కాలినడకన దేశం తిరిగి 1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఇరవయ్యేళ్ల ఆ యువతి పాండిత్యానికి అబ్బురపడి పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు. వేరే కులానికి చెందిన బెంగాలీ న్యాయవాదిని పెళ్లాడి, రెండేళ్లు తిరగకముందే భర్తను పోగొట్టుకొని, ఒక పసిపాపతో మిగిలారు. 1883లో ఇంగ్లండు వెళ్లి వాంటేజ్‌లో బాప్తిస్మం పొందారు.

ఇక్కడివరకు కథ చిన్న పుస్తకాలలో కూడా ఉంటుంది. ఆ తర్వాతిది ఆమె ఉత్తరాలలో ఉంది. వాంటేజ్‌లో ఆమెను ఆదరించిన క్రైస్తవ సన్యాసిని సిస్టర్ జెరాల్డీన్‌తో ఆమె సాగించిన ఉత్తర ప్రత్యుత్తరాలు అచ్చులో ఉన్నాయి. క్రీస్తును అంగీకరించినంత మాత్రాన ఒక పీఠం చెప్పిన ప్రతిదానికీ తల ఊపవలసిన అవసరం తనకు లేదని, ఒక బంధం నుంచి బయటపడింది మరో బంధంలో దూరడానికి కాదని ఆమె నిర్మొహమాటంగా వాదించారు. 1889లో బొంబాయిలో బాల వితంతువుల కోసం శారదా సదన్ తెరిచినప్పుడు హిందూ సంస్కర్తలు ఆమెకు అండగా నిలిచారు. 1893లో అక్కడి అమ్మాయిలు క్రైస్తవం వైపు మొగ్గుతున్నారన్న గొడవతో రానడే, భండార్కర్ వంటివారు సలహా సంఘం నుంచి తప్పుకున్నారు, తల్లిదండ్రులు పిల్లలను తీసుకెళ్లిపోయారు. మిషనరీలకు ఆమె చాలినంత లోబడలేదు, సంస్కర్తలకు చాలినంత తటస్థంగా లేరు. రెండు వైపులా మాటపడిన మనిషి గురించి రెండు వైపులవారూ రాసి పెట్టారు కాబట్టి, పాఠకుడికి ఏకపక్షపు కథ మిగలలేదు.

1896-97 కరువులో ఆమె మధ్య రాష్ట్రాలకు వెళ్లి, ఆకలికీ దళారులకూ చిక్కబోతున్న బాలికలను తీసుకొచ్చి, పుణె దగ్గరి కేడ్గావ్‌లో ముక్తి సదనంలో చేర్చారు. 1905లో అక్కడ వచ్చిన ఉజ్జీవం ప్రపంచ క్రైస్తవ చరిత్రలో నమోదైంది. వందలాది స్త్రీలు ఏడుస్తూ ప్రార్థించిన ఆ రోజుల గురించి చెప్పేవారు, అదే ఆవరణలో బావులు, పొలం, మగ్గాలు, ముద్రణాలయం కూడా ఉన్నాయని మరచిపోతుంటారు. చివరి ఏళ్లలో ఆమె హీబ్రూ, గ్రీకు మూలాల నుంచి సామాన్య స్త్రీలకు అర్థమయ్యే మరాఠీలోకి బైబిలు అనువదించారు, అచ్చు పని ముక్తి సదనం స్త్రీలే చేశారు. తన తర్వాత ఆ పని చూసుకుంటుందనుకున్న కూతురు మనోరమ 1921లో చనిపోయింది. తొమ్మిది నెలలు తిరగకుండానే, 1922 ఏప్రిల్ 5న, తల్లి కూడా వెళ్లిపోయారు.

స్త్రీల కూటాలకు ఈ జీవితం సరిపోతుందని చెప్పడం మామూలు. నేను పురుషుల కూటాలకు సిఫారసు చేస్తాను.

మన నేల మీద: క్లౌ దొర, బిషప్ అజరయ్య

తెలుగు సంఘాల మూలాలు తెలుసుకోవాలనుకునేవారికి ఈ ఇద్దరి మధ్య ఎంపిక ఎదురవుతుంది. ఎవరిని ముందు చదివినా రెండోవారిని వదలకూడదు.

అమెరికన్ బాప్తిస్టు మిషన్ వారి నెల్లూరు పని ఎదుగూ బొదుగూ లేక, మూసేయాలా అన్న చర్చ మళ్లీ మళ్లీ వచ్చిన కాలంలో, 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీలైన జూవెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు దగ్గరి కొండ ఎక్కి ప్రార్థించారు. అది ఇప్పటికీ ప్రార్థన కొండే. పన్నెండేళ్ల తర్వాత, సర్వేయరు పని తెలిసిన జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలుకు వచ్చారు. అయితే ఆ పని మలుపు తిరిగింది క్లౌ వల్ల మాత్రమే అనడం సరికాదు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, తోలు వ్యాపారం మీద ఊళ్లు తిరిగే మనిషి, యోగ మార్గంలో గురువులను సేవించి తృప్తిపడక, క్రీస్తు మాట విని బాప్తిస్మం పొంది, తన వారి మధ్య ఆ మాటను పాకించాడు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని పై కులాలవారు చెప్పినప్పుడు, క్లౌ మాదిగల వైపే నిలబడ్డారు.

ధాత కరువులో ఆయన చేసిన పని అందరూ చదవదగ్గది. 1876-78 మధ్య జనం రాలిపోతుంటే, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా పని కాంట్రాక్టుగా తీసుకొని, తన సర్వే చదువు ఉపయోగించి, వేలాదిమందికి కూలి ఇప్పించారు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. కూలి పని ముగిశాక కూడా వారు తిరిగి రావడంతో, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్లలోకి దిగి బాప్తిస్మమిచ్చింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ఇచ్చారు. ఆ ఏడాది చివరికి సంఖ్య తొమ్మిది వేలు దాటింది. ఆ ఆరుగురి పేర్లు మన కూటాల్లో ఎంతమంది చెప్పగలరో అడిగి చూడండి. క్లౌ జీవితం చదివేటప్పుడు నాకుండే అసంతృప్తి ఇదే: దొర పేరు ముందుకు వచ్చిన కొద్దీ పేరయ్య పేరు వెనక్కి పోతుంది. ఆయన రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగ విశ్వాసుల కథలను విడిగా సేకరించి 1899లో ప్రచురించడం వల్ల ఆ లోటు కొంత తీరింది.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య పుట్టింది 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో. ఆయనకు తెలుగు మాతృభాష కాదు, పెద్దయ్యాక నేర్చుకున్నది. 1909లో, ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో ఉన్న డోర్నకల్‌కు, భారతీయ విశ్వాసుల డబ్బుతో నడిచే మిషన్ తరఫున వచ్చారు. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, పాశ్చాత్య మిషనరీల త్యాగాలను ఒప్పుకుంటూనే, మాకు స్నేహితులను ఇవ్వండని అడిగారు. ఆ సభలో కొందరికి అది కంటగింపయింది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. బాప్తిస్మం పొందే ప్రతివారి చేతా తలమీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికించేవారు. ఆ మాట పలికినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాల కూలీలు, అక్షరం ముక్క రానివారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథడ్రల్‌ను ఒకసారి చూసిన వారికి, ఆలయ స్తంభాలూ గుమ్మటాలూ కలగలిసిన ఆ కట్టడమే ఆయన ఆలోచనను చెబుతుంది.

మిషన్ ఎలా వచ్చిందన్నది తెలియాలంటే క్లౌను, వచ్చినది మనదెలా అయిందన్నది తెలియాలంటే అజరయ్యను చదవాలి. గ్రామాల్లో కాపరి పని చేసేవారికి రెండోదే ఎక్కువ ఉపయోగం.

ఇవాన్ రాబర్ట్స్: జాగ్రత్తగా తెరవవలసిన పుస్తకం

వేల్స్ ఉజ్జీవం గురించి మన ప్రసంగాల్లో వినపడినంతగా మరే ఉజ్జీవమూ వినపడదు. పన్నెండేళ్ల ప్రాయం నాటికే బొగ్గు గనిలోకి దిగిన ఇవాన్ రాబర్ట్స్, ఇరవయ్యారేళ్ల వయసులో, 1904 అక్టోబరు చివర లౌఖర్‌లోని మోరయా మందిరంలో యువజనులతో కూటం పెట్టడం, ఏడాది తిరగకముందే లక్షమంది విశ్వాసంలోకి వచ్చారని పత్రికలు రాయడం, బూతులు మానేసిన కార్మికుల మాట గనుల్లోని గుర్రాలకు అర్థం కాలేదన్న ముచ్చట, ఇవన్నీ అందరూ చెబుతారు. ఖాసీ కొండల్లో, ముక్తి సదనంలో వచ్చిన కదలికలకు ఆ వార్తలు ఊపునిచ్చిన మాట నిజం.

దాని తర్వాతి సగం చెప్పేవారు తక్కువ. నిద్రాహారాలు లేని నెలల తర్వాత ఆయన శరీరం, మనసు రెండూ కూలిపోయాయి. 1906లో లెస్టర్‌లో ఒక కుటుంబం ఆశ్రయం పొంది, బహిరంగ సేవ నుంచి దాదాపు పూర్తిగా తప్పుకున్నారు. 1951లో మరణించేవరకు సుమారు నలభై అయిదేళ్లు అలా గడిచాయి. ఉపవాస కూటాలతో, రాత్రి ప్రార్థనలతో నలిగిపోతున్న యువ సేవకులకు ఈ జీవితం ఇవ్వవచ్చు, అయితే రెండు సగాలూ కలిపి ఇవ్వాలి. మొదటి సగం మాత్రమే ఉన్న పుస్తకమైతే బల్ల మీదే వదిలేయమంటాను.

సాధు సుందర్ సింగ్ విషయంలో నా జాగ్రత్త వేరే రకానిది. 1905లో తన పుట్టినరోజు నాడే సిమ్లాలో బాప్తిస్మం పొంది, కాషాయ వస్త్రాలతో, చెప్పుల్లేని కాళ్లతో టిబెట్ దారులు తిరిగి, 1929లో ఆ దారిలోనే కనబడకుండా పోయిన ఈయన, క్రీస్తును భారతీయ పాత్రలో అందించడమంటే ఏమిటో బతికి చూపించారు. కానీ టిబెట్ అద్భుతాలలో చాలావాటికి సాక్షి ఆయన ఒక్కరే, 1920లలో యూరప్‌లో వాటి నిజానిజాల మీద పెద్ద వివాదమే నడిచింది. పిల్లలకు అద్భుతాలతో మొదలుపెట్టకుండా, ఆ నడకతో మొదలుపెట్టడం క్షేమం.

బ్రదర్ భక్త సింగ్ సంగతి చివరికి మిగిల్చాను. పంజాబులో సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, ఇంగ్లండులో, కెనడాలో ఇంజనీరింగు చదివి, 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం పొంది, తిరిగివచ్చి పంజాబు వీధుల్లో బోధించిన ఆయన, 1950లో హైదరాబాదులో హెబ్రోను అనే సంఘ కేంద్రాన్ని స్థాపించి, 2000 సెప్టెంబరులో అక్కడే కన్నుమూశారు. ఆయన గురించి అచ్చయినది చాలావరకు శిష్యులు భక్తితో రాసినది, కాబట్టి నేను పెట్టిన కొలతకు పుస్తకం వరకు అది కొంత తక్కువగానే తూగుతుంది. ఆ లోటు తీర్చే వీలు మాత్రం ఇంకా ఉంది. పరిశుద్ధ సమాజ కూటాల్లో చాపల మీద కూర్చొని వేలమందితో కలిసి ప్రేమవిందు తిన్నవారు, ఆ వంటశాలలో బియ్యం కడిగినవారు, ఆయన కోప్పడితే కన్నీళ్లు పెట్టుకున్నవారు హైదరాబాదులో, కోస్తా జిల్లాల్లో ఎనభైల వయసులో ఉన్నారు. మీ సంఘంలో అలాంటి పెద్దలు ఒక్కరున్నా, పైన చెప్పిన ఎంపికలన్నీ వచ్చే ఏడాదికి వాయిదా వేసి, ఫోనులో రికార్డింగు పెట్టుకొని ముందు వారి దగ్గర కూర్చోండి. ఆ రోజుల్లో ఇంట్లో అన్నం ఎవరు వండేవారు, పిల్లల ఫీజు ఎవరు కట్టేవారు అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి.